దొంగముక్కల బొంత

దర్జీ మిగిలిన గుడ్డ దాచుకోవడం దొంగతనం కిందికి రాదు. ఈ మాట నాది కాదు, మా నాయన మాలకొండయ్యది. గిద్దలూరు స్టేషను రోడ్డులో ముప్పై ఏళ్ళు మిషను తొక్కిన మనిషి కాబట్టి ఆయన మాటను తేలిగ్గా తీసెయ్యకూడదు. ఆయన పద్ధతి ఏమిటంటే, కత్తిరించాక మిగిలిన ముక్క అరచేతిలో ఇమిడితే దర్జీది, అరచెయ్యి దాటితే గుడ్డ తెచ్చినవాళ్ళది. న్యాయంగానే ఉంది. అరచెయ్యి ఎవరిది అన్న దగ్గరే వస్తుంది చిక్కు. మా నాయన చెయ్యి చేటంత ఉండేది.

ఆయన తరవాత దుకాణం నాకొచ్చింది. నా చేతులు చిన్నవి. అందుకని ఆయన బతికుండగానే బ్రౌన్ పేపరు మీద చెయ్యి పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసుకుని, కత్తిరించి దాచుకున్నాను. వేళ్ళు బాగా చాపు నాయనా అని చెప్పింది కూడా నేనే. ‘ఉషారాణి లేడీస్ టైలర్స్’ అన్న బోర్డు కింద పద్దెనిమిదేళ్ళుగా ఆ కాగితం చెయ్యే తీర్పు చెబుతోంది. ఒక్కసారి కూడా నాకు వ్యతిరేకంగా చెప్పలేదు.

అయినా అసలు పనితనం కాగితంలో లేదు, మాటలో ఉంది. జాకెట్టు తీసుకోవడానికి వచ్చిన ప్రతి మనిషీ వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, ఏమైనా మిగిలిందా అని అడుగుతుంది. అప్పుడు లేదు అనకూడదు. లేదు అంటే అనుమానం వస్తుంది. అసలు చాల్లేదక్కా, నేనే ఎట్లో సర్దినాను అనాలి. సర్దినాను అన్న మాట చెవిన పడగానే ఆ మనిషి మెత్తబడిపోయి, నువ్వు కాబట్టి సరిపోయింది అని మెచ్చుకుని మరీ వెళ్తుంది. అట్లా వెళ్ళినవాళ్ళందరూ కలిసి నాకొక పేరు తెచ్చిపెట్టారు. గిద్దలూరులో చేతివాటం లేని దర్జీ ఎవరమ్మా అంటే ఉషారాణి అంటారు. పక్క రోడ్డులో ఏసీ పెట్టి, అద్దాల తలుపులు పెట్టి ఇంకో దుకాణం తెరిచినా జనం నా మెట్లే ఎక్కుతున్నారంటే ఆ పేరే కారణం.

ఆ ముక్కల్ని నేను అమ్ముకోలేదు. దేనికీ వాడలేదు కూడా. మంచి ప్రింటు కనబడితే నాకు చెయ్యి ఆగదు, అంతే. కొందరికి తీపి పిచ్చి, కొందరికి సీరియళ్ళ పిచ్చి. నాకు పూలూ చుక్కలూ చారలూ గళ్ళూ మామిడిపిందెలూ అన్నీ కావాలి. అట్లా మూడు యూరియా సంచులు నిండి, ఇంట్లో మంచం కింద ఒద్దికగా పడి ఉన్నాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈశ్వరుడికి మా అత్త గురవమ్మ లాంటి అత్త లేదు.

మా అమ్మాయి అంజలికి ఆడపిల్ల పుట్టింది. ముని మనవరాలిని చూడ్డానికి మా అత్త బేస్తవారిపేట దగ్గరి పల్లె నుంచి బస్సులో దిగింది. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒక కంట్లో శుక్లం, రెండో కంట్లో అనుమానం. వస్తూనే పిల్లను కప్పిన దోమతెర గొడుగును చూసి, ఇది పిల్లా కోడిపిల్లా, గంప కింద పెట్టినారేంది అంది. తరవాత ఆ తెర కింద ఉన్న రెడీమేడ్ పరుపును గిల్లి చూసి, ముత్తవ్వ కుట్టిన బొంత మీద పడుకోని బిడ్డకు నడుము నిలవదు, మా వైపు ఆచారం అని తేల్చేసింది. మా అత్తకు అవసరమైనప్పుడల్లా ఒక ఆచారం పుడుతుంది. మా పెళ్ళైన కొత్తలో, కొత్త కోడలు మొదటి ఏడు చేపలు తినకూడదన్నది కూడా అట్లా పుట్టిందే. ఆ ఏడాది నా వాటా చేప ఎవరు తిన్నారో చెప్పనక్కర్లేదు.

పాత చీరలిస్తాను కుట్టు అత్తా అన్నాను. ఆమె అప్పటికే మంచం కిందికి వంగి మొదటి సంచి మూతి విప్పుతోంది. రంగులన్నీ ఒక్కసారిగా నేల మీద పడ్డాయి. ఇంత బంగారం పెట్టుకుని నన్ను పాత చీరలు కుట్టమంటావా అని అడిగింది. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. బారసాల ఇంకా పదకొండు రోజులుంది. ఆ రోజు నా కస్టమర్లందరూ మా ఇంట్లో ఉంటారు. ఉయ్యాలలోకి తొంగిచూస్తారు.

ముందుగది నేల మీద పాత నేతచీర పరిచి, దాని మీద ముక్కలు పేర్చడం మొదలుపెట్టాం. నేను మధ్యాహ్నం ఒంటిగంటకు దుకాణం మూసి వచ్చి నాలుగింటిదాకా ఆమెతో కూర్చునేదాన్ని. మా అత్తకు చదువు రాదు గానీ పేర్చడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ముదురు రంగు పక్కన ముదురు రంగు పెట్టదు. పెద్ద పువ్వు పక్కన పెద్ద పువ్వు పెడితే రెండూ సవతుల్లా కొట్టుకుంటాయంటుంది. చార ఒకటి నిలువుగా ఉంటే పక్క చార అడ్డంగా పడుకోవాలి. ఎక్కడైనా రెండు ముక్కలకు పొసగకపోతే మధ్యలో గళ్ళ ముక్క వేస్తుంది. గళ్ళ గుడ్డ పెద్దమనిషి లాంటిది, ఎవరి పక్కన కూర్చోబెట్టినా రచ్చ చెయ్యదు అని చెప్పింది. అట్లా చెబుతూనే శుక్లం లేని కంటిని చికిలించి, ముక్కను వెలుగులో తిప్పి, ఒకచోట పెట్టి, తల వెనక్కి వంచి చూసి, నచ్చక తీసేసి, మళ్ళీ అక్కడే పెట్టేది.

ఆమెకు అవి రంగులు. నాకు మొహాలు. నెమలికంఠం రంగు ముక్క మీద చెంచులక్ష్మి మొహం కనబడేది. ఆమె మా ఎదురింటావిడ, తమ్ముడి పెళ్ళికి కుట్టించుకుంది. గుడ్డ చాల్లేదని లోపలి పట్టీలకు వేరే గుడ్డ వేసి ఇచ్చాను. ఆవపువ్వు చుక్కల మీద మండలాఫీసులో పనిచేసే కవిత మొహం. అందువల్ల నా పేర్పు వేరే రకంగా సాగింది. చెంచులక్ష్మి ముక్కను అంచుకు తోసేదాన్ని, పరుపు కిందికి మడుచుకుపోతుందని. కవిత ముక్కను తిరగేసి పెట్టేదాన్ని, వెలిసిన వైపు చూస్తే గుర్తుపట్టదని. ఎదురెదురిళ్ళవాళ్ళను దూరం దూరంగా, గుర్తుపట్టలేని రకాలన్నీ నడుమకు. నేను దుకాణానికి పోగానే మా అత్త కూర్చుని వేళ్ళతో తడిమి, ఇది తిరగబడింది, దీనికి ఇక్కడ ఊపిరాడటం లేదు అనుకుంటూ అన్నీ మళ్ళీ తన చోట్లలో పెట్టేది. మర్నాడు నేను చెరిపేదాన్ని. సాయంత్రం ఆమె సర్దేది. అత్తాకోడళ్ళం గంతకు తగ్గ బొంతలా నాలుగు రోజులు ఇదే పని చేశాం. అంజలి పిల్లకు పాలిస్తూ మమ్మల్ని చూసి నవ్వేది.

ఐదో రోజు మా అత్త మూడో సంచి అడుగు నుంచి చిలకల గుడ్డ తీసింది.

లేత సంపెంగ రంగు మీద చిటికెన వేలి గోరంత పచ్చ చిలకలు. అది నాయన చెయ్యి దాటిన ముక్క, అందుకే కాగితాన్ని తీర్పు అడగనే లేదు. కాగితం చెయ్యి రెండుసార్లు పట్టేంత ఉంది. ఆరేళ్ళ కిందట, అడవి దాపున ఉన్న పల్లె నుంచి నరసమ్మ తెచ్చిన గుడ్డ అది. గొర్లూ మేకలూ ఉన్న కుటుంబం. ఆమె కూతురు భ్రమరాంబ ఇక్కడ ఇంటర్ చదివేది, కాలేజీ ఫంక్షనుకు ఓణీ మీదికి ముప్పావు చేతుల జాకెట్టు కావాలంది. గుడ్డ సరిపోయింది, ఇంకా మిగిలింది కూడా. కానీ ఆ చిలకలు నన్ను వదల్లేదు. గుడ్డ చాల్లేదు, ఇంకో పావు మీటరు తెమ్మని చెప్పాను. నరసమ్మ జీవాలను ఎవరికో అప్పజెప్పి, బస్సెక్కి మార్కాపురం పోయి, మూడు దుకాణాలు తిరిగి అదే గుడ్డ వెతికి తెచ్చింది. జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చిన భ్రమర నా టేబుల్ మీద ప్యాటర్ను కాగితం కింద ఉన్న చిలకల్ని చూసింది. ఆ పిల్ల చూడటం నేను చూశాను. ఆ పిల్ల కాగితాన్ని ఇంకొంచెం పైకి జరిపి వాటిని కప్పేసి, “పోనీలే అక్కా, నీకూ నచ్చినాయి గదా” అంది. పదిహేడేళ్ళ పిల్ల. ఆ తరవాత రెండేళ్ళకు విషజ్వరం వచ్చి పోయింది.

ఆ ముక్కను లాక్కుని సంచిలో కుక్కాను. మా అత్త తీసి నడుమ పెట్టింది. మళ్ళీ కుక్కాను. మళ్ళీ తీసింది. ఇదేం రోగమే నీకు, ఇన్నిటిలో మహారాణి ఇదే అని కసిరింది. చనిపోయిన పిల్ల గుడ్డ అత్తా అని చెప్పడానికి ఒకసారి నోరు తెరిచాను. అది చెప్పాలంటే మిగతావన్నీ చెప్పాలి. నోరు మూసుకున్నాను. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. చిలకలు నడుమ చేరాక చుట్టూ ఉన్న పూలూ చారలూ అన్నీ ఒక్కసారిగా కుదురుకున్నాయి. అంత బాగున్నదాన్ని తియ్యడానికి నాకు మనసు రాలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి కదా. మర్నాడు నేను దుకాణం నుంచి వచ్చేసరికి మా అత్త పెద్ద సూదితో నడుమ ముక్కను నాలుగు వైపులా రెండేసి కుట్లు వేసి బిగించి కూర్చుంది. నా మీద నమ్మకం లేక మొదట అదే కుట్టిందట.

బారసాలకు ఎవరెవరిని పిలవాలో నేను జాగ్రత్తగా రాసుకున్నాను. నరసమ్మను రాయలేదు. కానీ మా అత్తకు దగ్గుకు మేకపాలు తాగే అలవాటు, ఆ పాలు తెచ్చేది నరసమ్మ. గేటు దగ్గర చెంబు అందుకుంటూ, మా బిడ్డను చూసిపోవే అని ఆమే పిలిచేసింది.

ఆ రోజు పది గంటలకల్లా ఇల్లు నిండింది. చీర ఉయ్యాల కట్టి, లోపల బొంత పరిచి, పిల్లను పడుకోబెట్టాం. పిల్ల చక్కగా నిద్రపోతోంది. ఒక్కరూ దాని మొహం చూడలేదు. మొదట చెంచులక్ష్మి వంగింది, వంగినది లేవలేదు. ఆ నెమలికంఠం ముక్కను వేలితో రుద్ది, ఇది నా జాకెట్టు గదా ఉషా అంది. అట్లాంటి గుడ్డలు ఊళ్ళో వంద ఉంటాయక్కా అన్నాను, అడక్కుండానే భుజాలు తడుముకుంటూ. ఆలోగా కవిత ఆవపువ్వు చుక్కల్ని పట్టుకుంది. ఐదు నిమిషాల్లో పిల్ల అంజలి ఒళ్ళోకీ, బొంత ఎనిమిది చేతుల్లోకీ వెళ్ళిపోయాయి. ఓటర్ల లిస్టులో పేరు వెతుక్కున్నట్టు ప్రతి మనిషీ తన ముక్క కోసం వెతుకుతోంది.

ఇక్కడ దేవుడు నాకు కొంచెం సాయం చేశాడు. మన ఆడవాళ్ళు పేరంటాల్లో పెట్టే జాకెట్టు గుడ్డలు సగం ఎవరూ కుట్టించుకోరు, ఒకరు పెట్టింది ఇంకొకరికి పెట్టేస్తారు. ఈ నెమలికంఠం మా వదిన పెట్టిందని చెంచులక్ష్మి అనగానే, కవిత తల ఎత్తి, అది నేను మీ వదినకు మా గృహప్రవేశంలో పెట్టిన గుడ్డ, ఆమె నీకు తోసేసిందా అని అడిగింది. ఇంకొకావిడ ఆ గుడ్డను అసలు కవితకు పెట్టింది తానేనంది. ఎవరి ముక్క వాళ్ళు తమదనాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, చెబితే ఇచ్చినవాళ్ళకు కోపం వస్తుంది. నాలుగు కుటుంబాల పెట్టుపోతలు బొంత మీదే తేలుతున్నాయి. నన్ను మరిచిపోయారని నేను పాయసం గిన్నె అందుకున్నాను.

చెంచులక్ష్మి మరిచిపోయే మనిషి కాదు. “అదంతా సరే. చాల్లేదంటివే, సర్దినానంటివే. సర్దితే ఇది నీ దగ్గరికి ఎట్లొచ్చింది?” అంది. అందరూ నా వైపు తిరిగారు. మా అత్త కూడా తిరిగింది. నా కోడలు దొంగా అని ఎవరినీ అడగలేదు గానీ, ఆ బాగున్న కంటితో నన్ను చూసిన చూపులో ఆ నాలుగు రోజుల పేర్పూ చెరుపూ మొత్తం ఆమెకు అర్థమైపోయింది.

సరిగ్గా అప్పుడే నరసమ్మ పాల చెంబుతో లోపలికి వచ్చింది. అందరూ బొంత చుట్టూ ఉండటం చూసి, బిడ్డ అక్కడే ఉందేమోనని దగ్గరికి వచ్చింది. ఎవరో జరిగి దారిచ్చారు. చెంబు కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. ఒక్క వేలితో నడుమ ముక్కను తాకి, అక్కడే నేల మీద చతికిలబడింది.

“ఇది మా భ్రమరది” అంది.

బొంత పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే వదిలేశాయి. చెంచులక్ష్మి అంచును కాలితో దూరంగా జరిపి, పోయిన పిల్ల గుడ్డ పసిదాని కిందా, తియ్యండి, బావిలో ముంచండి, ఏదో ఒకటి చెయ్యండి అని గొణిగింది. ఇంకెవరో అంజలిని పిల్లతో లోపలికి పొమ్మన్నారు. మా అత్త కర్ర నేలకేసి కొట్టింది. పెళ్ళి గాని ఆడపిల్ల గుడ్డ బొంత నడుమ ఉంటే బిడ్డకు ఏ జ్వరమూ అంటదు, మా వైపు తరతరాల ఆచారం, తెలియకపోతే నోరు మూసుకోండి అంది. ఆ ఆచారానికి అప్పటికి అరనిమిషం వయసు. అయినా గురవమ్మ మొహం చూసి ఎవరూ ఎదురు చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మా అత్త మీద నాకు ప్రేమ పుట్టింది ఆ క్షణంలోనే.

నరసమ్మ ఇవేవీ వినడం లేదు. ఆమె ముందు కూర్చున్నాను. కావాలంటే ఇప్పుడు కూడా తప్పించుకోవచ్చు. నీ బిడ్డే ఇచ్చిందక్కా అనొచ్చు, కాదనడానికి ఆ పిల్ల లేదు. నాకు నోట్లో తయారుగా ఉన్న అబద్ధాల్లో అదే అన్నిటికన్నా తీరైనది. అది నాలుక దాకా వచ్చింది. దాన్ని మింగాను. ముప్పై మంది వింటుండగా చెప్పాను.

“గుడ్డ చాలింది నరసమ్మక్కా. నేనే అబద్ధం చెప్పినాను. మార్కాపురానికి నిన్ను ఊరికే తిప్పినాను. నీదొక్కటే కాదు, ఇక్కడున్నోళ్ళందరివీ తీసినాను.”

పద్దెనిమిదేళ్ళ పేరు నాలుగు మాటల్లో పోయింది. వెనక ఎవరో, చూస్తిరా నేను చెప్పలే అన్నారు. కవిత తన చెప్పుల కోసం వెతుక్కుంటోంది. నాకు ఏడుపొచ్చింది గానీ, అది పేరు పోయినందుకో, ఆ పిల్ల కాగితాన్ని జరిపిన తీరు గుర్తొచ్చినందుకో తెలియలేదు. లేచి కత్తెర తెచ్చాను. ముక్క విప్పి ఇచ్చేస్తానక్కా, తీసుకుపో అని నడుమ కుట్టు మీద కత్తెర మొన పెట్టాను.

నరసమ్మ నా మణికట్టు పట్టుకుంది. గొర్లను పట్టే చెయ్యి, కదల్లేకపోయాను. నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. కత్తెర లాగి పక్కన పెట్టింది. చిలకల మీద అరచెయ్యి పరిచి చాలాసేపు అట్లాగే ఉంచింది.

“దాని గుడ్డలన్నీ దాంతోనే పంపినారు” అంది. “ఇంట్లో ఒక్క పోగు మిగల్చలే. నాలుగేండ్లు మూటలన్నీ ఇప్పి ఇప్పి చూసినా.”

తరవాత తలెత్తి నా కళ్ళలోకి చూసింది.

“దొంగదానా, దొంగిలించేదానివి ఇంకో మూర దొంగిలించకపోతివా.”